సాయంత్రం వెక్కిరింపులు

కోడలు నవ్విన తీరు అత్తగారికి నచ్చలేదు. పక్కింటావిడ పసిపిల్లను చూడడానికి వచ్చి, "అచ్చం తల్లి పోలికే" అన్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, మురిసిపోయి నవ్వుతారు. కోడలి పెదవులు పక్కలకి సాగలేదు. పై పెదవి కాస్త లేచి పళ్లు మాత్రం బయటపడ్డాయి. గిట్టని వాసనేదో తగిలినప్పుడు పెట్టే ముఖం అది. పక్కింటావిడ ఆ నవ్వు చూసింది, చేతిలో గ్లాసు కింద పెట్టింది, ఏదో పని గుర్తొచ్చిందని లేచి వెళ్లిపోయింది.

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పలేదు. బాలింతతో గొడవేమిటని నలుగురూ అంటారు. ముందుగదిలో మెషిను దగ్గరికి వెళ్లి కూర్చుని, ఇందాక వదిలేసిన చిన్న గౌను అందుకుంది. ఆవిడది కుట్టుపని. బడి యూనిఫారాలు, ఆఫీసు కర్టెన్లు, దిండు గలీబులు, ఏది తెచ్చినా కుడుతుంది. మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క లేకుండా ఆవిడను చూసినవాళ్లు తక్కువ. ఆ రోజు మాత్రం బయటి పని పక్కన పెట్టి మనవరాలికి మెత్తటి నూలుగుడ్డతో గౌను కుడుతోంది. చంకల దగ్గర కుట్టు పసి ఒంటికి ఒరుసుకోకుండా అంచు బయటికి మడిచింది. చివరి దారం పంటితో తెంపి, గౌను రెండు వేళ్లతో పట్టుకుని లోపలికి వెళ్లింది.

"ఎలా ఉంది?"

కోడలు తల గోడకి ఆనించి కూర్చుంది. గౌను వైపు చూసింది. చూస్తుండగానే ఎడమ రెప్ప మెల్లగా సగానికి దిగింది.

"మాగుంది" అంది.

"మాగడానికి ఇదేమన్నా పండా?"

కోడలు గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని అటు తిరిగింది.

ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. రోజూ చేస్తుంది. "ఇవాళ ఏం చేసిందే?" అన్నదే పలకరింపు.

"ముక్కుతో మాట్లాడుతోందే. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబితే ఊరంతటికీ అక్షరం పొల్లుపోకుండా వినబడుతుందిట. నా దగ్గరికి వచ్చేసరికి ముక్కు అడ్డమొస్తుంది. అదీ పోనీ అనుకుంటే, నిన్న పిల్లని చేతుల్లోకి తీసుకుని 'మామా, మామా' అంటోంది. పోయిన మనిషిని పట్టుకుని ఎగతాళి."

"బావగారినా?" అని చెల్లెలు గొంతు పెంచింది.

గోడ అవతల మంచం కిర్రుమంది. అత్తగారు గొంతు తగ్గించింది. అయితే ఎక్కువేమీ తగ్గించలేదు.

మర్నాడు పొద్దున్న కోడలికి జ్వరం తగిలింది. కడుపు కోసి బిడ్డను తీసి అప్పటికి తొమ్మిది రోజులు. కుట్లు ఒక చివర ఎర్రబడి చెమ్మ కనబడుతోంది. కొడుకు ఆటో పిలిచి కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కుట్లకు చీము పట్టిందని ఆయన శుభ్రం చేసి, కట్టు కట్టి, ఇంజక్షన్లు రాసిచ్చాడు. క్లినిక్కులో నర్సమ్మే రోజూ ఉదయం ఇంటికి వచ్చి చేసి వెళుతుందన్నాడు.

"నీరసంగా ఉంటోందండీ" అంది కోడలు. పొద్దున కదా, మాట బాగానే వచ్చింది.

"కాన్పు, జ్వరం. నీరసం కాక ఇంకేం ఉంటుందమ్మా. బలంగా తినండి" అన్నాడు డాక్టరు.

తినడమే కుదరడం లేదు. మొదటి నాలుగు ముద్దలూ అందరిలాగే తినేది. ఆపైన నమలడం నెమ్మదించేది. కింది దవడను చేత్తో పట్టుకుని పైకి ఎత్తుతూ నమిలేది. ఎదురుగా కూర్చుని చూస్తున్న అత్తగారికి ఒళ్లు మండేది. తను వండిన వంట అంత కష్టపడి తినాలా? చూడడానికి ఎంత ఘోరంగా ఉంది? రెండో ఇంజక్షన్ చేయడానికి వచ్చిన నర్సమ్మకు కూడా ఆ మాట చెప్పింది. నర్సమ్మ ఇలాంటి ఇళ్లు చాలా చూసిన మనిషి. సిరంజి డబ్బాలో పడేసి, "మీ ఇద్దరి మధ్యా నేనెందుకు పెద్దమ్మా" అని చెప్పులు వేసుకుంది.

మూడో ఇంజక్షన్ పడిన రోజు మధ్యాహ్నం అత్తగారు గోరువెచ్చని పాలు తెచ్చి ఇచ్చింది. కోడలు ఒక గుక్క మింగింది. రెండో గుక్క ముక్కులోంచి బయటికి వచ్చి చీర మీద, అత్తగారి ముంజేతి మీద పడింది.

"వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చుగా. ఉమ్మడం ఎందుకు?" అంది అత్తగారు.

కోడలు ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తల ముందుకు వాలింది. ఆ తల మళ్లీ పైకి లేవలేదు. నుదుటి మీద చెయ్యి వేసి తనే ఎత్తుకోవడానికి ప్రయత్నించింది. చెయ్యి దారిలోనే జారి ఒళ్లో పడింది. ఊపిరి పైపైన ఆడుతోంది, పరుగెత్తి వచ్చిన పిల్లి డొక్కలు ఎగిరినట్టు.

 పాలగ్లాసు ఎక్కడ పెట్టిందో అత్తగారికి తర్వాత గుర్తులేదు. కోడలి తల ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొడుక్కి ఫోను చేసింది.

పెద్దాసుపత్రిలో అత్యవసర విభాగం పొడవాటి గది. ఆకుపచ్చ తెరలతో ఎనిమిది మంచాలు విడదీశారు. ఆ తెరల అంచులు ఎవరో నాసిగా కుట్టారని అత్తగారి కన్ను దానంతటదే పట్టేసింది. మనవరాలు ఆవిడ భుజం మీద నిద్రపోతోంది. కోడలి ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. కుర్ర డాక్టరు ఒకడు కాగితాలు తిరగేసి, కుట్ల దగ్గరి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినట్టుందని, ఆ నీరసమే ఇదంతా అని, అదే ఇంజక్షన్ మోతాదు పెంచి ఇవ్వాలని అన్నాడు. నర్సు మందు కలిపి ట్రేలో పెట్టింది. సాయంత్రం ఆరింటికి ఎక్కించాలి. గోడ గడియారంలో ఐదూ ఇరవై అయింది.

ఊపిరి సంగతి అనుమానం వచ్చి ఎవరో నరాల డాక్టర్ని పిలిచారు. పొట్టి మనిషి, నడివయసు, కళ్లజోడు తాడు కట్టి మెడలో వేసుకుంది. మంచం పక్కన నిలబడి కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. అంతసేపు ఒక ముఖాన్ని ఎవరైనా చూడగా అత్తగారు చూడలేదు.

"ఇది ఎప్పటినుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాలుగు రోజులండీ. జ్వరం వచ్చినప్పటినుంచి" అన్నాడు కొడుకు.

"అంతకుముందు ఏమీ లేదా? రెప్పలు వాలడం, మాట మారడం, నమల్లేకపోవడం?"

"లేదండీ. బాగానే ఉండేది. నేను పొద్దున్నే డ్యూటీకి వెళ్లి రాత్రి తను పడుకున్నాక వస్తాను, పొద్దున చూసేవాణ్ణి కదా, బాగానే ఉండేది."

డాక్టరమ్మ ట్రేలో ఉన్న మందు సీసా ఎత్తి పేరు చదివి మళ్లీ పెట్టింది. "ఒట్టి ఇన్ఫెక్షనే అయితే ఈ మందు మంచిదే. నాకు వేరే జబ్బు అనుమానంగా ఉంది. అదే అయితే ఈ మందు ఆమె ఊపిరి ఆపేస్తుంది. రక్తపరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది. నాకు ఇప్పుడు తెలియాలి. ఆమె చెప్పే స్థితిలో లేదు. ఇంట్లో ఆమెను రోజంతా చూసేవాళ్లు ఎవరు?"

కొడుకు తల్లి వైపు చూశాడు.

అత్తగారు మనవరాలిని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. ఆవిడకు అంతా తెలుసు. తేదీలతో సహా తెలుసు. కానీ తెలిసినదంతా కోడలి మీద చెప్పుకున్న చాడీలే. వాటిని చెల్లెలికి చెప్పడం వేరు, ఆ పిల్ల మంచం మీద ఉండగా, కొడుకు ఎదురుగా, కళ్లజోడు డాక్టరు ముందు చెప్పడం వేరు. కోడలి కుడికన్ను సగం తెరుచుకుని ఉంది. వినబడుతుంది. చెవులకేం జబ్బు లేదు.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

"ఆరో నెల నుంచి" అంది అత్తగారు.

"ఏమిటమ్మా?"

"వెక్కిరించడం. ఆరో నెల నుంచి. బ్యాంకువాళ్ల కర్టెన్లు ఇరవై నాలుగు కుట్టిన వారం. నేను ఏదో జోకు చెబితే పళ్లు బయటపెట్టి ఇలా నవ్వింది." అత్తగారు పై పెదవి ఎత్తి చూపించింది. "నేను వెక్కిరింపు అనుకున్నాను."

కొడుకు "అమ్మా" అన్నాడు. డాక్టరమ్మ అతన్ని చేత్తో ఆపి, జేబులోంచి పెన్ను తీసింది. "తర్వాత?"

"తర్వాత నేను మాట్లాడుతుంటే కళ్లు వాల్చేది. ముందు ఎడమది. చిన్నపిల్లల బడి యూనిఫారాలు మొదలెట్టిన రోజుల్లో అది ఎక్కువైంది, అంటే ఏడో నెల. నా మాటంటే నిర్లక్ష్యం అనుకున్నాను. ఎనిమిదో నెలలో సాయంత్రం డ్యూటీ మానేసి పొద్దుటి డ్యూటీ వేయించుకుంది. సాయంత్రం మైకులో మాట సాగడం లేదని చెప్పింది. ఒళ్లు దాచుకోవడానికి అనుకున్నాను. దువ్వెన పట్టుకుని జడ సగం వేసుకుని చేతులు కిందకి దించేసేది. బద్ధకం అనుకున్నాను."

"మాట?"

"ముక్కుతో. బాగుంది అనమంటే మాగుంది అంటుంది. పాపా అని పిలవమంటే..." అత్తగారు భుజం మీది మనవరాలి వీపు నిమిరింది. "మామా అంటుంది. పోయిన మా ఆయన్ని ఎగతాళి చేస్తోందనుకున్నాను. అందరికీ చెప్పాను కూడా."

తెర అవతల ఎవరో దగ్గారు. డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. రాస్తున్న చోట ఆగి తల ఎత్తింది.

"జాగ్రత్తగా గుర్తుచేసుకుని చెప్పండి. ఉదయం పూట ఎప్పుడైనా వెక్కిరించిందా?"

అత్తగారు ఆలోచించింది. కర్టెన్ల వారం, యూనిఫారాల నెల, గలీబులు, గౌను, అన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. ఒక్క ఉదయం కూడా దొరకలేదు.

"లేదు. పొద్దున బాగానే నవ్వేది. పాపా అనే పిలిచేది. పొద్దున మొగుడు ఇంట్లో ఉంటాడు కదా, అతని ముందు మంచిగా ఉంటోందనుకున్నాను."

"పుట్టగానే పాప ఎలా ఏడ్చింది?"

"పిల్లి కూన ఏడ్చినట్టు. పాలు కూడా సరిగా పట్టలేదు మొదటి వారం. తల్లి బద్ధకమే వచ్చిందన్నాను. ఇప్పుడు బాగానే తాగుతోంది."

డాక్టరమ్మ పెన్ను మూసి, నర్సును ఐసు తెమ్మంది. రబ్బరు గ్లవ్వులో ఐసుముక్కలు పోసి, ముడివేసి, పూర్తిగా వాలిపోయిన కోడలి ఎడమకంటి మీద ఆనించి పట్టుకుంది. రెండు నిమిషాలు అలాగే ఉంచింది. గ్లవ్వు తీసేసరికి రెప్ప లేచింది. లేచి, కన్ను తెరుచుకుని, తిన్నగా అత్తగారి వైపు చూసింది. ఒక్క నిమిషంలో మళ్లీ వాలింది.

"ఆ మందు తీసేయండి. ఇంకోరకం రాసిస్తాను" అంది డాక్టరమ్మ నర్సుతో. ఐదూ నలభై ఐదు అయింది.

అదొక నరాల జబ్బని, పేరు మయస్తీనియా అని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన కాపలాదార్లే ఇంటివాళ్లను దొంగలనుకుని, నరం పంపిన కబురు కండకు చేరకుండా గుమ్మంలో ఆపేస్తారు. పొద్దున విశ్రాంతి మీద కండ పనిచేస్తుంది, వాడినకొద్దీ ఆగిపోతుంది, చల్లబడితే కాసేపు కోలుకుంటుంది. గర్భంలో మొదలై, కాన్పుతో పెరిగి, కుట్ల ఇన్ఫెక్షన్‌తో రెచ్చిపోయింది. పుట్టినప్పుడు పాపకీ అది కాస్త సోకి, దానంతటదే తగ్గింది. పైగా వేసిన ఇంజక్షన్ పుండు మీద కారం చల్లింది. "ఇప్పుడు రెండు జబ్బులకీ ఒకేసారి వైద్యం చెయ్యాలి. కాపలాదార్లని అణచాలి. మరీ అణిస్తే ఇన్ఫెక్షన్ పేట్రేగుతుంది. ఒకదానికిచ్చే మందు ఇంకోదానికి గిట్టదు. ఇవాళా రేపూ గట్టెక్కితే చెప్పగలను" అంది. వెళ్లబోతూ ఆగి, "నెలల తరబడి ఎవరూ గమనించని కేసులు నా దగ్గరికి వస్తాయి. మీరు చాలా బాగా గమనించారమ్మా" అంది.

అది మెచ్చుకోలో, చెంపదెబ్బో అత్తగారికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే గొంతులోకి గొట్టం వేసి ఊపిరి మెషినుకి కలిపారు. ఐ.సి.యు. బయట ఇనప కుర్చీల వరుస ఉంది. కొడుకు ఒక చివర కూర్చున్నాడు, అత్తగారు ఇంకో చివర. మధ్యలో నాలుగు కుర్చీలు ఖాళీ. "ఇన్ని నెలలూ వెక్కిరింపే అనుకున్నావా" అన్నాడు కొడుకు. నాలుగు నెలలేనని చెప్పబోయి అత్తగారు ఊరుకుంది. సీసాతో పట్టిన పాలు మనవరాలు గటగటా తాగింది. తల్లి బద్ధకమే వచ్చిందన్న తన మాట గుర్తొచ్చి, ఆ చప్పుడు వినడానికి ఆవిడ సిగ్గుపడింది.

చెల్లెలు ఫోను చేసి, "ఇవాళ ఏం చేసిందే?" అంది.

"బతికింది" అని అత్తగారు ఫోను పెట్టేసింది.

ఐదు రోజులు రక్తంలోకి ఏదో మందు ఎక్కించారు. కుట్లు రోజూ కడిగి కట్టు మార్చారు. జ్వరం మూడో రోజు దిగింది. నాలుగో రోజు గొట్టం తీశారు. తర్వాత మాత్రలు మొదలెట్టారు, గంటలు తప్పకుండా వేసుకోవాలి. వార్డుకి మార్చినప్పుడు డాక్టరమ్మ అత్తగారిని పిలిచి ఒక పని అప్పగించింది. రోజుకి నాలుగు సార్లు, గంట వేసి, రెప్పలు, మాట, నమలడం, ఊపిరి ఎలా ఉన్నాయో రాయాలి. జ్వరమొచ్చినా, కొత్త మందు ఎవరు రాసినా ముందు తనకి చెప్పాలి. "మీ కన్ను నాకు కావాలి" అంది. అత్తగారు కొలతలు రాసుకునే పుస్తకంలో కొత్త పేజీ తీసి, స్కేలు పెట్టి గళ్లు గీసింది.

ఇంటికి వచ్చాక కోడలు అత్తగారితో మాట్లాడడం తగ్గించింది. మొగుడితో మాట్లాడేది, పాపతో మాట్లాడేది, పక్కింటావిడ వస్తే బాగానే నవ్వేది. అత్తగారు దగ్గరికి వస్తే పెదవులు బిగిసేవి. అత్తగారికి అదే దిగులు. నోరు కదపడం లేదంటే కదపలేకపోతోందా? గ్లాసు కోడలి నోటిదాకా వెళుతున్నంతసేపూ తనే గుటకలు మింగేది. మెషిను మీద కుట్టు వంకర పోయేది, విప్పేది, మళ్లీ కుట్టేది. ఆ పిల్ల చచ్చిపోతుందేమోనని ఆవిడకి భయంగా ఉంది. ఇంత భయం మొగుడు పోయినప్పుడు కూడా వేయలేదు, ఎందుకంటే ఆయన పోవడంలో తన తప్పేమీ లేదు.

వచ్చిన నాలుగో రోజు సాయంత్రం ఆరున్నరకి పుస్తకం, పెన్ను పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది. కోడలు పాప బట్టలు మడతపెడుతోంది. అత్తగారిని చూడగానే కనుబొమలు దగ్గరికొచ్చి ముఖం ముడుచుకుపోయింది.

"రెప్పలు బరువుగా ఉన్నాయా?"

"లేవు."

"మింగడం?"

"బాగానే ఉంది."

"ముఖం అదోలా ఉంది. ఒకసారి నవ్వు చూద్దాం."

కోడలు మడతపెడుతున్న గుడ్డను ఒళ్లో పెట్టుకుంది.

"నవ్వితేనే కదా అత్తయ్యా ఇంత వచ్చింది. మీ చెల్లెలితో మీరు చెప్పినవన్నీ నాకు గోడ ఇవతలికి వినబడేవి. రోజూ వినేదాన్ని. నర్సమ్మకి చెప్పారు. పక్కింటివాళ్లకి చెప్పారు. అంత పెద్దాసుపత్రిలో మంచాల మధ్య నిలబడి డాక్టరుకి చెప్పారు. ఆ చెప్పడంతోనే బతికాను, కాదనను. కానీ నాకొక్కదానికే చెప్పలేదు. ఒక్కరోజు, ఒక్కసారి, ఏం పిల్లా నన్ను వెక్కిరిస్తున్నావా అని ముఖం మీద అడగలేకపోయారా? తిట్టలేకపోయారా? అడిగితే, లేదత్తయ్యా, నవ్వుతున్నాను అని చెప్పేదాన్ని. నవ్వుతుంటే వెక్కిరింపులా ఎందుకుందీ అని మీకు అప్పుడే అనుమానం వచ్చేది. నాకూ వచ్చేది. నా ముఖం నాకు కనబడదు కదా అత్తయ్యా. అద్దం చూసుకునేది పొద్దున. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రాలు నా ముఖం చూసింది మీరొక్కరే."

అత్తగారు మొదట్లో మాటలు వినలేదు. గొంతు మాత్రమే విన్నది. ఏ అక్షరం దగ్గర ముక్కులోకి జారుతుందోనని మెడ చాచి, ఊపిరి బిగబట్టి, గడియారం సెకన్ల ముల్లు మీద కన్ను వేసి విన్నది. ముల్లు ఒక చుట్టు తిరిగింది, జారలేదు. మాట ఆగేదాకా గొంతు మొదలెట్టిన చోటే ఉంది, బస్టాండు మైకులో ఉన్నంత శుభ్రంగా. ఆ తర్వాతే మాటలు వెనకనుంచి ఒక్కొక్కటే వచ్చి ఆవిడకి తగిలాయి. తగలవలసిన చోటే తగిలాయి.

 అడగడం ఆవిడకి అలవాటు లేని పని.

"అమ్మాయ్, ఇప్పుడు నన్ను చూసి ముఖం అలా పెట్టావు. అది జబ్బా, నా మీద కోపమా?"

కోడలు తల ఎత్తి తిన్నగా చూసింది. రెండు రెప్పలూ పైనే ఉన్నాయి.

"కోపమే" అంది.

అత్తగారికి ప్రాణం కుదుటపడింది. ఆరున్నర గడిలో 'బాగుంది' అని రాసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మిగతాది వినడానికి కూర్చుంది.